ఇనప్రాజు పైకొచ్చాడంతే

మా ద్రాక్షారామంలో వెంకటరత్నం గారి వీడియో లైబ్రరీకి వెళ్ళి మీరు ఏ సినిమా అడిగినా సరే, ముందు ఇనప్రాజు కథ విని తీరాలి. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. చుట్ట లేదు, పేకాట లేదు, కాఫీ కూడా రెండో గ్లాసు ముట్టుకునేవారు కాదు. అన్ని వ్యసనాలకీ కలిపి ఇనప్రాజు ఒక్కడే.

ఇనప్రాజు ఎవరంటే చెబుతాను. ఆయన దగ్గర ఒక జపాను బొమ్మల సినిమా క్యాసెట్టు ఉండేది. బొమ్మల సినిమా అనగానే ఎలుకా పిల్లీ తరుముకోవడం అనుకునేరు, అది కాదు. ఇంకో మూడొందల ఏళ్ళకి సముద్రం భూమినంతా కప్పేస్తుంది. మిగిలిన జనం నీళ్ళ మీద తేలే ఊళ్ళు కట్టుకుని బతుకుతుంటారు. అడుగున మునిగిపోయిన పట్నాల్లో పెద్ద పెద్ద దీపస్తంభాలు ఉంటాయి. అవి వెలుగుతుంటేనే పైనున్న ఊళ్ళు తేలతాయి. వాటిని బాగుచెయ్యడానికి ఒళ్ళంతా ఇనుము తొడుక్కుని, నెత్తిన గుండిగంత ఇనప టోపీ పెట్టుకుని, ఏనుగంత మనిషి ఒకడు నీళ్ళలోకి దిగుతుంటాడు. అతను వచ్చేదాకా ఒక చిన్నపిల్ల రేవు మెట్ల మీద కూచుని ఉంటుంది.

సినిమా అంతా జపాను భాషే. కింద అక్షరాలు కూడా పడవు. అట్ట మీద ఉన్నది సినిమా పేరో, తయారైన తేదీయో చెప్పగలిగినవాడు రెండు గోదావరి జిల్లాల్లోనూ లేడు. అందుకని సినిమాకి పేరు రత్నం గారే పెట్టారు. మనుషులకి పేర్లూ ఆయనే పెట్టారు. మాటలన్నీ ఆయనే రాసుకున్నారు. ఊళ్ళోవాళ్ళు ఆయనకి జపాను రత్నం గారని పేరు పెట్టారు.

ఆ లైబ్రరీ పక్కనే నా టీవీ, రేడియో రిపేరు షాపు. మధ్యలో చెక్కగోడ ఒకటి. తొమ్మిదేళ్ళపాటు ఆ గోడకి ఇవతల కూచుని సోల్డరింగు చేసుకుంటూ ఆ కథ విన్నాను. ఏ ఆదివారమైనా కథ వినపడకపోతే నాకు చెయ్యి సరిగ్గా ఆడేది కాదు.

ఒకసారి కార్తీక సోమవారం పూట హైస్కూలు తెలుగు మాస్టారు వచ్చి, వాళ్ళమ్మగారి కోసం భక్తి సినిమా ఏదైనా ఇమ్మన్నారు. రత్నం గారు ఇనప్రాజు నకలు ఒకటి తీసి చేతిలో పెట్టారు.

"ఇందులో భక్తి ఎక్కడుందండి?"

"నీళ్ళలో దిగేముందు చెయ్యి పైకెత్తుతాడు చూడండి."

"అది దణ్ణమాండి?"

"కార్తీకమాసంలో నీళ్ళలో దిగేవాడు దణ్ణం పెట్టకుండా దిగుతాడేంటండి?"

సినిమాలో అది కార్తీకమాసమని ఎలా తెలిసిందని మాస్టారు అడగలేదు. ఆ ముసలావిడ సినిమా చివరిదాకా చూసి, బాగుంది గానీ హారతి పాట ఒకటి ఉంటే ఇంకా బాగుండేదని కబురు పెట్టింది. తర్వాతి ఏడు కార్తీకానికి ఆవిడే అడిగి తెప్పించుకుంది.

శివరాత్రి జాగారానికి వీసీఆరూ మూడు క్యాసెట్లూ అద్దెకి తీసుకునే అలవాటు అప్పట్లో ప్రతి వీధిలోనూ ఉండేది. మూడు అడిగినవాళ్ళకి రత్నం గారు నాలుగు ఇచ్చేవారు. నాలుగోది ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. పల్లంరాజు గారి వీధిలో ఒక ఏడు జనం అడిగిన మూడూ చూడకుండా నాలుగోదే మూడుసార్లు చూశారట.

పెళ్ళి క్యాసెట్ల సంగతి ఇంకా దారుణం. నకలు తియ్యమని ఎవరైనా పెళ్ళి క్యాసెట్టు ఇస్తే, చివర మిగిలిన ఖాళీ టేపు ఆయనకి కంట్లో నలుసులా ఉండేది. వెంకటరాజు గారి అమ్మాయి పెళ్ళి క్యాసెట్టు కాకినాడలో వియ్యాలవారు పదిమందిని పిలిచి వేసుకున్నారు. అప్పగింతలయ్యాయి, పిల్ల కారెక్కింది, అంతలో తెరనిండా సముద్రం. ఒక ఇనప మనిషి నీళ్ళలోంచి లేచాడు. పెళ్ళికొడుకు నాయనమ్మ కళ్ళద్దాలు సర్దుకుని, ఈయన పిల్లకి మేనమామ అవుతాడా అని అడిగింది. వెంకటరాజు గారు మండిపడుతూ లైబ్రరీకి వచ్చేసరికి, వియ్యాలవారి నించి ఫోను కూడా వచ్చేసింది. మిగతా భాగం పంపించమని.

ఇక ఆయన కథ చెప్పే తీరు. టీవీలో శబ్దం తగ్గించి, పక్కన స్టూలేసుకుని, చేతిలో రిమోట్ పట్టుకుని అందరి మాటలూ ఆయనే చెప్పేవారు. సినిమా మధ్యలో తెల్లకోట్లవాళ్ళు పొడుగాటి బల్ల చుట్టూ కూచుని ఒకరికొకరు వంగి వంగి మాట్లాడుకునే ఘట్టం ఒకటుంది. వాళ్ళు ధవళేశ్వరం ఇంజనీర్లు. కాలవకి నీళ్ళు వదలాలా వద్దా అని వాళ్ళ వాదన. ఎండాకాలంలో వాళ్ళే కరెంటాఫీసు వాళ్ళయిపోయి కోత ఎన్ని గంటలో తేల్చుకునేవారు. పదో తరగతి ఫలితాలప్పుడు పేపర్లు దిద్దేవారు. అలా వంగడం దేనికని ఎవరో అడిగితే, పై ఆఫీసరు వచ్చాడు మరి అని చెప్పారు.

ఇనప్రాజు మాత్రం ఏ కాలంలోనూ మాట మార్చలేదు. ఆ పిల్లకి తండ్రి అతను. దిగేముందు, "అలా వెళ్ళి ఇలా వచ్చేస్తానమ్మా, నువ్వు అన్నం తినేసెయ్" అంటాడు. ఆఖరిసారి దిగినప్పుడు ఇనప తలుపు మూసుకుంటుంది. సరిగ్గా అక్కడ రత్నం గారు సినిమా ఆపేసేవారు. ఆయన తీసిన నకళ్ళు కూడా అక్కడితోనే సరి. అసలు టేపు అక్కడ నలిగిపోయిందండీ అని చెప్పి, మిగతాది నోటితో పూర్తిచేసేవారు. దీపాలన్నీ వెలుగుతాయి. ఇనప్రాజు పైకొస్తాడు. ఇనప టోపీ తీసేస్తాడు. మొట్టమొదట అడిగే మాట, అన్నం తిన్నావా అమ్మా అని. అక్కడితో కథ కంచికి.

నేను పనిమంతుణ్ణి కాబట్టి ఒకరోజు ఉండబట్టలేక, నలిగిన ముక్క ఎంతో లేదు, నాకివ్వండి, సాపుచేసి అతికిస్తాను అన్నాను. ఆయన నాతో కటువుగా మాట్లాడింది జన్మలో ఆ ఒక్కసారే.

"మూర్తిగారూ, మీ స్క్రూడ్రైవరు మీ షాపులోనే ఉంచుకోండి."

ఆ క్యాసెట్టు మీద ఆదివారం పూట హక్కు ఒక పిల్లకి ఉండేది. పేరు హైమ. వెనక వీధిలో ఉండే పాపాయి కూతురు. పాపాయికి బస్టాండులో ఇడ్లీ బండి ఉంది. బేరం ఎక్కువయ్యే ఆదివారాల్లో పిల్లని లైబ్రరీలో కూచోబెట్టి వెళ్ళేది. ఎనిమిదేళ్ళప్పటి నించీ హైమ బల్ల మీద కాళ్ళాడిస్తూ ఇనప్రాజుని చూసింది. అయిదారుసార్లకే మాటలన్నీ నోటికొచ్చేశాయి. ధవళేశ్వరం ఇంజనీర్లు కిందటి వారం చెప్పిన మాటకి ఈ వారం అడ్డం తిరిగితే రత్నం గారిని నిలదీసేది.

ఇంతలో కేబుల్ వచ్చింది. వెనకాలే సీడీలొచ్చాయి. ఊళ్ళో మిగతా లైబ్రరీలన్నీ ఎస్టీడీ బూతులో, ఫ్యాన్సీ షాపులో అయిపోయాయి. ఇంకా ఎందుకండీ ఈ డబ్బాలు అని రత్నం గారితో అందరూ అన్నారు. ఆయన సమాధానంగా షాపు ముందు కొత్త బోర్డు పెట్టించారు. 'ఇచ్చట ఇనప్రాజు దొరకును.' భార్య సీతారామలక్ష్మి గారిని కదిపితే, ఈ షాపు ఇత్తడి సామాన్లదిగా ఉన్న రోజుల్లో తనకి రోజూ బిందెల కథ చెప్పేవారనీ, దానికంటే ఇదే నయమనీ అంది.

రెండువేల సంవత్సరం వానాకాలంలో ఆయన వీసీఆరు ఇనప్రాజుని మింగేసి కక్కలేదు. ఆయన దాన్ని ఎత్తుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. విప్పి టేపు బయటికి తీశాను. తీశాక వేలితో కదుపుతూ మొదటి నించి చివరిదాకా చూశాను. ఎక్కడా ఒక్క మడత లేదు. పెళ్ళిపట్టులా ఉంది.

"నలిగింది కదాండి, చివర్లో?" అన్నారు గుమ్మంలోంచి.

నేను ఆయన మొహం చూశాను.

"నలిగిందండి. బాగా నలిగింది," అన్నాను.

ఎందుకలా అన్నానో అప్పటికి నాకే తెలీదు. చెప్పాల్సిన రోజు వస్తే ఆయనే చెబుతారని ఊరుకున్నాను.

ఆ రోజు రెండువేల నాలుగు వేసవిలో వచ్చింది. మా వీధి చివర ఉదయ్‌భాస్కర్ అని, కాకినాడలో ఇంజనీరింగు చదివే కుర్రాడు. మంచివాడే గానీ తెలిసింది చెప్పకుండా ఉండలేడు. వాడు హైదరాబాదు నించి ఒక డిస్కు తెప్పించుకుని తిన్నగా లైబ్రరీకి వచ్చాడు. ఇనప్రాజు సినిమాని తీసిన కంపెనీయే కొత్తగా డిస్కు మీద విడుదల చేసిందట. కింద ఇంగ్లీషు అక్షరాలు కూడా పడతాయట.

"మాస్టారూ, మీరు చెప్పింది ఒక్కటీ ఇందులో లేదండి. ఆ పిల్ల అతని కూతురు కాదు."

"మరెవరు?"

"అసలు మనిషే కాదండి. మరబొమ్మ. చచ్చిపోయిన ఇంకో పిల్ల జ్ఞాపకాలు పెట్టి ఆ తెల్లకోట్ల సైంటిస్టులు చేశారు."

"మరబొమ్మయితే మెట్ల మీద అంతసేపు ఎందుకు కూచుంటుందోయ్?"

ఉదయ్‌భాస్కర్ డిస్కు అట్ట తిప్పి చూపించాడు. "సినిమా తీసినవాళ్ళే చెబుతున్నారు కదండీ."

"వాళ్ళు ఒక్కసారి తీసి ఊరుకున్నారు. నేను తొమ్మిదేళ్ళ నించి చూస్తున్నాను. ఎవరికి ఎక్కువ తెలుస్తుంది?"

చెక్కగోడకి ఇవతల నేను నవ్వుకుంటున్నాను. అప్పుడు వాడు, "పోనీ చివర సంగతి చెప్పండి. అతను పైకి రాడు కదా," అన్నాడు.

రత్నం గారి గొంతు మెల్లగా వినిపించింది. "ఆ మాట బయట అనకు బాబూ."

అనకుండా ఎలా ఉంటాడు. వచ్చే ఆదివారం వాళ్ళింట్లో డిస్కు వేస్తానని అప్పటికే స్నేహితులందరికీ చెప్పేశాడు. వాడి చెల్లెలు హరిచందన తన క్లాసు పిల్లలనీ పిలిచింది. ఆ పిల్లల్లో హైమ ఒకతె.

మర్నాడు లైబ్రరీ తెరవలేదు. ఆ మర్నాడూ లేదు. పెళ్ళిళ్ళకీ చావులకీ కూడా ఒక్కపూట కంటే ముయ్యని షాపు అది. మూడోరోజు ఇంటికి వెళ్ళాను. అలమారులో ఉన్న క్యాసెట్టు వైపు చూస్తూ మంచం మీద కూచుని ఉన్నారు. జ్వరమన్నారు. చెయ్యి పట్టుకు చూస్తే చల్లగా ఉంది.

"టేపు నలగలేదండి. నాలుగేళ్ళ నించీ నాకు తెలుసు," అన్నాను.

ఆయనేం ఆశ్చర్యపోలేదు. వాకిట్లో సీతారామలక్ష్మి గారు బియ్యం చెరగడం ఆపేసింది. అప్పుడు చెప్పారు.

హైమ తండ్రి చిట్టియ్య సరుకుల ఓడలో కలాసీ. జపాను రేవులో పిల్ల కోసమని ఆ క్యాసెట్టు కొన్నాడు. ఇంట్లో వీసీఆరు లేదు కదా, ఆదివారం పూట మా హైమకి చూపించండి అని రత్నం గారి చేతికిచ్చి, మళ్ళీ ఓడెక్కాడు. మొదటి ఆదివారం కరెంటు లేదు. రెండో ఆదివారానికి పిల్ల అమ్మమ్మ గారి ఊళ్ళో ఉంది. ఆ రోజు రత్నం గారు తాను ఒక్కరే కూచుని సినిమా మొత్తం చూశారు. మూడో ఆదివారం లోపలే ఓడ కంపెనీ నించి ఉత్తరం వచ్చింది. తుపానులో చిట్టియ్య డెక్కు మీద నించి కొట్టుకుపోయాడు, వెతికించాము, కనిపించుట లేదు అని.

"ఆ ఆదివారం పిల్ల వచ్చి, మా నాన్న తెచ్చిన సినిమా వెయ్యి మావయ్యా అంది. చివర్లో ఏముందో నాకు తెలుసు. తలుపు మూసుకుంటుంది, పిల్ల మెట్ల మీద కూచునే ఉంటుంది, మంచు పడుతుంది, పేర్లు వచ్చేస్తాయి. ఎలా వెయ్యనండి?"

"అందుకని ఆపేశారు."

"ఆపేశాను. పైకొస్తాడని చెప్పాను. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఎవరో ఒకరు ఎక్కడో చూసి, కాదు రాడు అని ఆ పిల్లతో అంటే? అందుకని ఊళ్ళోవాళ్ళందరికీ నేనే ముందు చెప్పేశాను. ఊరందరికీ ఒకే కథ తెలిస్తే ఇంకో కథ ఆ పిల్లకి ఎవరు చెబుతారండి?"

తెలుగు మాస్టారి తల్లి, శివరాత్రి వీధులు, కాకినాడ వియ్యాలవారు, అందరూ నాకు ఒక్కసారి కళ్ళ ముందు తిరిగారు. ఒక్క పిల్ల కోసం ఈయన రెండు తాలూకాలని తర్ఫీదు చేశారు.

ఆదివారం మధ్యాహ్నం నేను షాపులో ఉండగా హైమ వచ్చింది. ఇంటరు రెండో సంవత్సరం, పొడుగాటి జడ. చేతిలో డిస్కు. వెనకాల ఉదయ్‌భాస్కర్, చేతిలో వస్తువు పోగొట్టుకున్నవాడి మొహంతో. మీ దగ్గర డీవీడీ ప్లేయరు ఉంటుందా అండి, రత్నం మావయ్యని కూడా పిలవండి అంది. ఎవరో రిపేరుకిచ్చిన ప్లేయరు ఉంది. బాగయిందో లేదో ఎలాగూ చూడాలి కదా అని సర్దిచెప్పుకున్నాను.

సీతారామలక్ష్మి గారిని వెంటబెట్టుకుని రత్నం గారు వచ్చి, డిస్కుని చూసి, హైమని చూసి, గుమ్మంలోనే నిలబడిపోయారు.

"అమ్మా, అది వెయ్యకు. అందులో అంతా తప్పు."

"చివర ఏముందో నాకు తెలుసు మావయ్యా."

"ఎవరు చెప్పారు?" అంటూ ఆయన ఉదయ్‌భాస్కర్ వైపు చూసిన చూపుకి వాడు నా వెనక్కి జరిగాడు.

"ఎవరూ చెప్పలేదు. నేను ఏడో తరగతిలో ఉండగా ఒకసారి మీరు భోజనానికి లేచారు. నేను ఆపలేదు."

"మరి నాతో చెప్పలేదేం?"

"మీరు అంత కష్టపడి చెబుతుంటే ఎలా చెప్పను? మా క్లాసులో ఎవరైనా అడిగితే, టేపు నలిగిందని నేనూ చెప్పాను." డిస్కు అంచుని వేలితో తుడుస్తూ అంది. "మా నాన్న రారని తెలుసు మావయ్యా. ఇనప్రాజు సంగతి వేరు. ఇనప్రాజు రావాలి. ఇందులో బొమ్మ శుభ్రంగా ఉంటుందట. మీరు చెప్పండి, చూద్దాం."

ఆయన స్టూలు లాక్కుని కూచున్నారు. నేను శబ్దం పూర్తిగా తీసేశాను. కింద పడే ఇంగ్లీషు అక్షరాలు ఎలా తియ్యాలో ఉదయ్‌భాస్కర్‌కి తెలిసి కూడా చెప్పలేదు. సీతారామలక్ష్మి గారు ఒక చీరల డబ్బా అట్ట చింపి ఇచ్చింది. దాన్ని తెర అడుగున అతికించాను.

అంత బాగా ఆయన ఎన్నడూ చెప్పలేదు. ధవళేశ్వరం ఇంజనీర్లని ఆ రోజు కడిగేశారు. ఒకరు చెప్పింది ఒకరు వినరు, దిగేవాడి సంగతి ఎవడికీ పట్టదు అని. ఉదయ్‌భాస్కర్ రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మూసుకున్నాడు. మూడోసారి నవ్వేశాడు. ఇనప తలుపు మూసుకుంది. రత్నం గారి చెయ్యి అలవాటుగా రిమోట్ మీదికి వెళ్ళింది. హైమ ఆ చేతిని పట్టుకుంది.

మంచు పడింది. పిల్ల మెట్ల మీద కూచుని ఉంది. పేర్లు రావడం మొదలైంది. ఉదయ్‌భాస్కర్ లేచి ప్లేయరు దగ్గరికి వెళ్ళబోయాడు. చూసేది పూర్తిగా చూడాలి, కూచోమంది హైమ. ఎవరికీ చదవడం రాని ఆ పేర్లన్నీ అయిదు నిమిషాలపాటు మర్యాదగా చూశాం.

పేర్లయ్యాక తెర నల్లబడింది. తర్వాత మళ్ళీ సముద్రం కనిపించింది. ఇది మా క్యాసెట్టులో లేదు. డిస్కు కోసం కొత్తగా కలిపారని తర్వాత ఉదయ్‌భాస్కర్ అట్ట వెనక చదివి చెప్పాడు. తెల్లవారింది. అడుగు నించి ఒక్కొక్క దీపం వెలుగుతూ వచ్చింది. నీళ్ళ మీద, మెట్లకి కొంచెం దూరంలో, గుండిగంత ఇనప టోపీ ఒక్కటీ ఊగుతూ తేలుతోంది. పిల్ల లేచి నిలబడింది. అక్కడితో అయిపోయింది.

రత్నం గారు స్టూలు మీంచి లేచిపోయారు.

"అదిగో. పైకొచ్చాడు. టోపీ తీసేశాడు. నేను చెప్పలా?"

"టోపీ ఖాళీగా ఉందండి," అన్నాడు ఉదయ్‌భాస్కర్.

"తీసేసిన టోపీ ఖాళీగా కాక ఇంకెలా ఉంటుందోయ్? ఇంజనీరింగు చదువుతున్నావు."

వాడు అట్ట వైపు, తెర వైపు చూసి, "అదీ నిజమేనండి," అన్నాడు.

హైమ మాత్రం ఒప్పుకోలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, పాత ఆదివారాల్లో ఇంజనీర్లని నిలదీసినట్టే నిలదీసింది. "మరి అన్నం సంగతి అడగలేదేం మావయ్యా?"

రత్నం గారు తెర వైపు చూశారు. తెర నల్లగా ఉంది. ఆయన ఇటు తిరిగారు.

"తిన్నావా అమ్మా?"

"లేదు. పొద్దున్నించీ వీడితో డిస్కు కోసం పోట్లాటే సరిపోయింది."

సీతారామలక్ష్మి గారు అందరినీ ఇంటికి తీసుకెళ్ళి ఆకులు వేసింది. నేనూ తినలేదండి అన్నాడు ఉదయ్‌భాస్కర్ మొహమాటంగా. రత్నం గారు వాడికీ ఒక ఆకు వెయ్యమని కేకేసి, ఆకు ముందు కూచోబెట్టి, వడ్డన అయ్యేలోపు ఇనప్రాజు కథ మొదటి నించి మొదలుపెట్టారు.